లవంగాల పరుపు

పెద్దక్క చెమటోడ్చి సాధించిన మొట్టమొదటి గెలుపు ఒక దిండు.

వినగానే నవ్వొస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వనీ. ఆ రోజుల్లో పరుపుల కొట్లో ఆడవాళ్ళ చేతికి దబ్బనం ఇచ్చేవారు కాదు. దూదిలో గింజలు ఏరడం, పింజలు విడదీయడం, పొద్దుగూకే వేళకి నేల ఊడ్చి పోవడం, అంతవరకే వాళ్ళ పని. కుట్టడం మగవాళ్ళది. కుట్టేవాళ్ళందరి మీదా ముసలి మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నోరు తెరిస్తే తిట్టు, మూస్తే గురక. అప్పటికి పెద్దక్క ఇంకా పెద్దక్క కాలేదు. తల్లి పోయాక, నడక రాని చెల్లెల్ని చంకనేసుకుని పనికొచ్చిన బక్కపిల్ల. చెల్లెల్ని దూది కుప్పలో కూర్చోబెట్టి గింజలు ఏరుతూ, వారకంట మేస్త్రి చేతుల్ని చూసేది. ఇంటికి పోయి, చూసిందంతా చిరిగిన దుప్పట్ల మీదా గోనెపట్టాల మీదా కుట్టేది. వేళ్ళు జల్లెడ అయ్యాయిగానీ ఆ కుట్టు వేళ్ళకి పట్టుబడింది.

ఒకనాడు మధ్యాహ్నం మేస్త్రి కునుక్కి వాలబోతుంటే, ఆయన తల కింద తను కుట్టిన దిండు పెట్టి పక్కకి తప్పుకుంది. ఆయన హాయిగా నిద్రపోయాడు. లేచి, దిండు చేతిలోకి తీసుకుని అటు తిప్పి ఇటు తిప్పి, వెలుతుర్లోకి పోయి మళ్ళీ తిప్పాడు.

"ఎవడ్రా దీన్ని కుట్టింది? దీని మూతేదీ?"

"మూతి లేకపోతే దూది లోపలికెలా పోయింది మేస్త్రీ?" అన్నాడు పక్కవాడు.

"అదేరా నేనడిగేది!"

మూలనున్న పిల్ల చీపురు కింద పెట్టి చెయ్యెత్తింది. మేస్త్రి మెచ్చుకోలేదు, తిట్టలేదు. తన దబ్బనాన్ని నేల మీద ఆమె వైపుకి దొర్లించి, మొహం కడుక్కోవడానికి పోయాడు. ఆ కొట్లో ఆడమనిషి చేతికి వచ్చిన తొలి దబ్బనం అదే.

ఆ తర్వాతవి ఏకరువు పెడితే పొద్దు చాలదు. సినిమాహాల్లో మెత్తటి కుర్చీలన్నీ పెద్దక్క చేతి మీదుగానే వెళ్ళాయి. మంచం మంచమే విరగ్గొట్టే కుస్తీ పహిల్వాను ఒకాయనకి, ఆయన లేచిన మరుక్షణం గుంట పూడిపోయే పరుపు కుట్టి ఇచ్చింది. నడుంనొప్పితో వంగిపోయిన జడ్జిగారు ఆవిడ పరుపు మీద పడుకున్నాక నిటారుగా కోర్టుకి వెళ్ళారట. ఆవిడ ఎదురుగా ఎవరైనా ఈ 'ట' అంటే ఒప్పుకునేది కాదు. "అట ఏమిటి? నేను కళ్ళారా చూశాను" అనేది. పెద్దాసుపత్రి వార్డులకి పరుపులు కావలసినప్పుడల్లా, ఆ కొట్లోనే కుట్టాలి, మూతి ఆవిడే వెయ్యాలి అని అక్కడి పెద్ద నర్సు పట్టుబట్టేది.

వీటన్నిటికన్నా ఆవిడ గొప్పగా చెప్పుకునేది ఇంకొకటుంది. తర్వాత్తర్వాత కొట్లోకి వచ్చిన ఆడపిల్లలందరికీ దబ్బనం పట్టించింది ఆవిడే. చెయ్యి వంకర పోతే వేలి మీద కొట్టి, విప్పించి, మళ్ళీ కుట్టించి, తన కుట్టుకీ వాళ్ళ కుట్టుకీ వెంట్రుకవాసి తేడా లేకుండా చేసింది.

"ఏ పరుపు ఎవరు కుట్టారో ఆ కుట్టినదానికే తెలియకూడదు. చేతులెన్నయినా కొట్టుకి కుట్టు ఒకటే" అని ఛాతీ విరుచుకుని చెప్పేది.

ఆ మాటే చివరికి ఆవిడ మెడకి చుట్టుకుంది.

* * *

ఊరందరికీ మెత్తగా పరిచిన మనిషి సొంతానికి మెత్తటిది కుట్టుకోలేదు. కొట్లో ఊడ్చేసిన తుక్కు దూదితో ఎప్పుడో కుట్టుకున్న బొంత ఒకటి ఉండేది. అది మొగుడూ పెళ్ళాల కింద నలిగి నలిగి అప్పడంలా అయిపోయింది. ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు, చూపు మందగించి మానేశాడు. మాటకి ముందు నవ్వే మనిషి. "మీ ఆవిడ పరుపుల మేస్త్రి కదా, నీకేం లోటు?" అని ఎవరైనా అంటే, "అవును బాబూ, దూది ఎలా ఉంటుందో నాకు మాటల్లో చెబుతుంది" అనేవాడు.

అందుకే ఆ వేసవి చివర్లో, ఆవిడ దబ్బనం పట్టి ముప్పై ఏళ్ళయిన సందర్భానికి, కొట్లో ఆడపిల్లలంతా కలిసి ఒక పరుపు కుట్టి ఇంటికి తెచ్చి పరిస్తే పెద్దక్క నమ్మలేక దాన్ని అరచేత్తో నిమిరి నిమిరి చూసింది. నీలం చారల గుడ్డ. లోపల అచ్చమైన బూరుగు దూది. వెన్నలా ఉంది. పైగా అందులోంచి సన్నగా లవంగాల వాసన.

అంతకు ముందే ఒక పళ్ళ డాక్టరు తన కొత్తింటికి పరుపు కుట్టమంటూ, పురుగు పట్టకుండా దూదిలో నాలుగు గుప్పిళ్ళు లవంగాలు కలపమన్నాడు. ఆ పరుపు పెద్దక్కే కుట్టింది. వినడానికి కొత్తగా ఉన్నా వాసన బావుందని మెచ్చుకుంది కూడా. ఆ మాట పిల్లలు గుర్తుపెట్టుకున్నారన్నమాట!

"నేను నోరు జారిన మాట కూడా పట్టుకున్నారు చూశారా" అని భర్తతో పొంగిపోయింది.

చెల్లెలు అక్కడే ఉంది. మనిషి పీలగా, మాట గడగడగా ఉంటుందని ఆమెని కొట్లో అందరూ పిట్ట అంటారు. దూది కుప్పలో పెరిగిన ఆ చంటిపిల్ల, ఇప్పుడు అక్క పక్కన కూర్చుని కుట్టే రెండో చెయ్యి.

"లవంగాలేనా అక్కా, ఇంకేం కావాలన్నా వేసేవాళ్ళం. పడుకుని చూడు ముందు" అంది పిట్ట.

ఆ నెలంతా ఆ సందులో పరుపు సంగతి వినని మనిషి లేడు. పాలవాడు కూడా ఒకసారి కూర్చుని లేవాల్సి వచ్చింది. "కూర్చో, కూర్చుంటేగదా తెలిసేది! మా కొట్టు పిల్లలు పెట్టారు. అడిగి పెట్టించుకున్నది కాదు" అనేది పెద్దక్క. ముప్పై ఏళ్ళలో తను సాధించినవన్నీ ఒక ఎత్తు, ఆ పరుపు ఒక ఎత్తు.

* * *

కొట్లో మేనేజరు అని ఒక పిల్లి ఉంది. పని చెయ్యదు, అందరి పనీ చూస్తుంది, ఎప్పుడూ అన్నిటికన్నా మంచి దూది మీదే కూర్చుంటుంది. అందుకని ఆ పేరు పెట్టారు. తుక్కు దూది మీద అడుగైనా వెయ్యదు. బూరుగు బస్తా విప్పారంటే మాత్రం ఏ మూలనున్నా వచ్చి వాలుతుంది. ఎలుకలు దాని ముందు నుంచే పెళ్ళిళ్ళకి పోతున్నట్టు తీరుబడిగా పోతుండేవి.

వానలు మొదలయ్యాక మేనేజరు కడుపు దిగింది. పిల్లల్ని పెట్టిందని తెలిసిందిగానీ ఎక్కడ పెట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు. అటక మీద వెతికారు, బస్తాల వెనక వెతికారు. లేవు.

డాక్టరు కొత్తింటికి రంగులు ఆరలేదని ఆయన పరుపు అంతకాలమూ కొట్లోనే ఒక మూల పడి ఉంది. ఆ సోమవారం బండి పంపించి పట్టుకెళ్ళారు. మర్నాడు పొద్దున్నే యజమానికి కబురొచ్చింది: పరుపు అరుస్తోంది, వెంటనే రావాలి.

యజమాని, పెద్దక్క, దబ్బనం సంచీ పట్టుకుని పిట్ట, ముగ్గురూ వెళ్ళారు. యజమాని అంటే పాత యజమాని కొడుకు. చిన్నప్పుడు దూది బస్తాల మీద దొర్లి, పెద్దక్క చేత వీపు మీద రెండు తిన్నవాడే. తండ్రి కుర్చీలో కూర్చున్నాక నవ్వడం మానేశాడు.

పళ్ళ డాక్టరు పడకగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మొదట పక్కగదిలో పేషెంటు మూలుగుతున్నాడనుకున్నానండీ" అన్నాడు.

"ఆయనకి ప్రపంచమంతా పేషెంట్లే" అంది ఆయన భార్య. "నేను చెవి పెట్టి విన్నాను. కాళ్ళవైపు మూల. ఇదిగో, ఇక్కడ."

మ్యావ్ అని పరుపే బదులిచ్చింది.

పెద్దక్క మోకాళ్ళ మీద కూర్చుని మూలన కుట్టు విప్పింది. గుడ్డ తొలగీ తొలగకముందే బొటనవేలంత మూతి ఒకటి బయటికొచ్చింది. ఒళ్ళంతా దూది పింజలతో, చూస్తే పిల్లిపిల్లో మబ్బుతునకో తెలియకుండా ఉంది. బయటికొచ్చి అందర్నీ ఒకసారి చూసి తుమ్మింది. దానితోపాటు నాలుగు లవంగాలు గచ్చు మీద రాలాయి.

గదిలో అందరూ పకపకా నవ్వారు. డాక్టరు భార్య పిల్లని ఒళ్ళోకి తీసుకుని, "లవంగం! నీ పేరు లవంగం!" అంది. యజమాని కూడా పెదవి కదిపాడు.

రాలిన లవంగాలను చూసి పెద్దక్క మనసులో ఏదో ముల్లులా కదిలింది. అదేమిటో తేలేలోపు డాక్టరు భార్య పరుపు మూలలో చెయ్యి పెట్టి, "ఇదేమిటండీ, ఇక్కడ దూదే లేదు! గుల్లగా ఉంది" అంది.

యజమాని వంగి చూశాడు. మూలంతా బోలు. గుప్పిళ్ళతో తీసినట్టు తెలుస్తూనే ఉంది. నవ్వులు ఆగిపోయాయి.

అక్కడే పెద్దక్క నోరు పెద్దక్కని ముంచింది. పదిమంది ముందు తన పనితనం చెప్పుకునే అవకాశం వస్తే ఆవిడ ఆగలేదు.

"బాబూ, ఈ పరుపు నేను నింపి, కర్రతో బాది సాపు చేసి, ఆఖర్న మూతి వేశాను. నా కర్ర కింద చీమ కూడా బతకదు. ఈ పిల్ల బతికుందంటే నేను మూతి వేశాక ఎవరో విప్పారు, దూది తీశారు, వదులుగా టాకాలేసి వదిలేశారు. పిల్లి ఆ సందులో దూరి పిల్లల్ని పెట్టుకుంది. నిన్న బండి వచ్చేసరికి హడావుడిగా కుట్టేశారు. అంతే!"

"భలే చెప్పావు పెద్దక్కా, పోలీసులు కూడా చెప్పలేరు" అన్నాడు డాక్టరు.

పెద్దక్క మొహం వెలిగింది. యజమాని మాత్రం విప్పిన కుట్టుని రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తున్నాడు.

"మరి రెండోసారి కుట్టింది ఎవరు?"

"బండివాడి పనే అయుంటుంది. పరుపులు అటూ ఇటూ మోసేది వాడేగా."

"బండివాడికి కుట్టు నేర్పావా?"

పెద్దక్క కుట్టు వైపు చూసింది. దారం పోయిన దారీ తెలియడం లేదు, ముడి ఎక్కడుందో కనపడడం లేదు. తల తిప్పి చెల్లెల్ని చూసింది. పిట్ట గచ్చు మీది లవంగాలు ఏరుతోంది.

"కుట్టు మాదే బాబూ."

"మీదంటే?"

"మా కొట్టుది. అందరిదీ ఒకటే కుట్టు. నేనే నేర్పాను."

"అందుకే నిన్నడుగుతున్నాను. శనివారం లోపల పేరు చెప్పు. చెప్పలేకపోతే ఆ కుట్టు నీదే అనుకుంటాను" అన్నాడు యజమాని.

* * *

ఆ తర్వాత యజమాని వరసగా పాత ఖాతాదారుల ఇళ్ళకి మనుషుల్ని పంపించాడు. వేసవిలో కొత్తగా కుట్టినవీ, జడ్జిగారిదీ పహిల్వానుదీ లాగా తిరగ కుట్టడానికి వచ్చి వెళ్ళినవీ, బూరుగు పరుపులన్నిటిలోనూ కాళ్ళవైపు మూల కాస్త పలచగానే ఉంది. అక్కడ ఎవరూ తల పెట్టుకోరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అన్నిటి మూతుల మీదా అదే కుట్టు, తేడా లేని కుట్టు. ఏ పరుపు ఎవరు విప్పారో కుట్టు చూసి చెప్పమంటే చెప్పడం పెద్దక్క తరం కాలేదు. తన చేతి కుట్టేదో కూడా చెప్పలేకపోయింది. ఇన్నేళ్ళూ కష్టపడి సాధించింది సరిగ్గా దాన్నే.

కొట్లో ఆవిడ వెళ్ళిన చోటల్లా మాటలు ఆగిపోయేవి. వెనక నుంచి వినపడేలా బండివాడు, "నా మీదకి తోసిందట, తల్లి! ముప్పై ఏళ్ళ నమ్మకం" అన్నాడు. ఆ మాట నిజమే.

అయినా ఊరికే ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. ఆలోచించింది. దూది ఎక్కడో ఒక చోట ఉండాలి. మేనేజరు తుక్కు దూది మీద అడుగు పెట్టదు. లవంగం ఒక్కటే దొరికింది, మిగతా పిల్లల్ని అది ముందే ఎక్కడికో మార్చేసింది. బూరుగు దూదికి మరిగిన పిల్లి, దాని పిల్లల్ని బూరుగు దూది మీదే పెడుతుంది. కొట్లో బూరుగు గదికి తాళం ఉంది, చెవి తన బొడ్డులోనే ఉంది. కాబట్టి, పిల్లలెక్కడుంటే దొంగదూది అక్కడే ఉంటుంది!

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు భార్యని బతిమాలి లవంగాన్ని ఒక పూటకి అరువు తెచ్చింది. మేనేజరు ముందు పెట్టి ఎడంగా నిలబడింది. పిల్లి దాన్ని వాసన చూసింది, ఒకసారి నాకింది, మెడ మీద పట్టుకుని నోట కరుచుకుని వీధిలోకి నడిచింది. పెద్దక్క వెనకాలే.

మేనేజరు పరుగెత్తలేదు. దాని హోదాకి తగ్గట్టు నడిచింది. కూరగాయల తోపుడుబండి కింద నుంచి పోయింది. పెద్దక్క బండిని చుట్టి పోయింది. సైకిల్ షాపు ముందు టైర్ల మీదుగా పోయింది. పెద్దక్క టైర్లు తన్నుకుంది.

"ఏం పెద్దక్కా, ఉద్యోగం మారావా?" అని అరిచాడు మంగలి, గడ్డం సగం గీసిన మనిషిని వదిలేసి గుమ్మంలోకొచ్చి.

"నీ పని నువ్వు చూసుకో, ఆయన చెవి తెగుద్ది!"

"మేనేజరు గారు ఇంటికి పిలిచారా ఏమిటి?"

పెద్దక్కకి జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. మోకాలు కలుక్కుమంటోంది. మనసులో మాత్రం హుషారుగానే ఉంది. పిల్లి మలుపు తిరిగిన ప్రతి వాకిటా, 'ఇదా? వీళ్ళా?' అనుకుంటూ పోయింది. పిట్ట ఇల్లు వచ్చినప్పుడు మాత్రం ఆ ప్రశ్న వేసుకోలేకపోయింది. పిల్లి ఆ ఇంటి ముందు ఆగలేదు. 'హమ్మయ్య' అనుకుంది. అంతలో తనని తనే తిట్టుకుంది: ఒళ్ళో పెంచిన దాన్ని అనుమానించానే!

పిల్లి ఇంకో సందు తిరిగి, గోడెక్కి, గోడ మీద నుంచి ఒక కిటికీలోకి దూకింది.

ఆ కిటికీకి నీలం తెర ఉంది. ఆ తెర పెద్దక్కే కుట్టింది.

* * *

లోపలికి వెళ్ళేసరికి భర్త మంచం పక్కన నేల మీద కూర్చుని, పళ్ళెంలో పాలు పోస్తున్నాడు. ఆవిణ్ణి చూడగానే పళ్ళెం వెనక్కి దాచబోయాడు. పాలు పంచె మీద ఒలికాయి.

"అదికాదే... నువ్వు తిడతావని..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఒక్కొక్కటే తెచ్చుకుంటోంది పాపం. పరుపు మూలన కుట్టు కాస్త పీకింది. రోజూ నువ్వొచ్చే వేళకి బుట్టలో గుడ్డ పరిచి పెరట్లోకి మారుస్తున్నానులే, అందులో ఉండనంటుంది. నువ్వు కొట్టుకెళ్ళగానే మళ్ళీ ఇందులోకే. దానికి నీ పరుపే కావాలి."

నీలం చారల పరుపు కాళ్ళవైపు మూల నోరు తెరుచుకుని ఉంది. లోపల పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. మేనేజరు లవంగాన్ని వాటి మధ్యలో వదిలి, తనూ ఒదిగి, గుర్రుమంటూ కళ్ళు మూసుకుంది.

పెద్దక్క ఆ పక్కగా చెయ్యి పెట్టి ఒక గుప్పెడు దూది పైకి తీసింది. వెలుతుర్లో పట్టి చూసింది. ఒక బస్తాలోంచి వచ్చిన దూది కాదు. ఒక పొర తెల్లన, ఒక పొర గంధం రంగు, ఒక పొర వేసవి మొదట్లో వచ్చిన సరుకు. కర్ర దెబ్బ తిన్న పింజలు. మధ్య మధ్య తెగిన పురికొస ముక్కలు. చిటికెడు చిటికెడుగా ఊరందరి కాళ్ళ కింద నుంచి తీసి పోగేసిన దూది. ఆఖరి గుప్పెట్లో లవంగాలు.

తన చేత్తో తను కలిపిన లవంగాలు. నెల్లాళ్ళుగా వాటి మీదే పడుకుని, కొట్టు పిల్లలు తనకోసం వేశారని సందు సందంతా చెప్పుకుంది. పాలవాణ్ణి కూర్చోబెట్టింది.

"ఏమైందే? మొహం అలా పాలిపోయింది?" అన్నాడు భర్త.

"ఏం లేదు. దొంగ దొరికింది" అంది పెద్దక్క, పరుపంచున కూర్చోబోయి, కూర్చోకుండా నేల మీద చతికిలబడి.

* * *

ఆ సాయంత్రమే పెద్దక్క వెళ్ళి అడిగితే పిట్ట ఏ మాటా దాచలేదు. వాకిట్లో బట్టలు ఆరేస్తూ, ఒక్కొక్క గుడ్డనీ దులిపి దులిపి చెప్పింది.

"అడిగాంగా అక్కా. అందరం కలిసి వెళ్ళి యజమానిని అడిగాం, పెద్దక్కకి పరుపు కుడతాం, కాస్త బూరుగు దూది ఇప్పించండి అని. తుక్కు గదిలో ఉంది, ఎంత కావాలంటే అంత తీసుకోండి అన్నాడు. నవ్వాడు కూడా. తుక్కుతో నీకు పరుపు కుట్టమంటావా?"

"కుట్టాల్సింది."

"నీకా?"

"నాకే. తుక్కు మీద పడుకోవడం నాకు కొత్తా? తుక్కయినా నాదయ్యేది. ఇప్పుడు నాది ఏముందే అందులో? జడ్జిగారి దూది, డాక్టరు గారి దూది. చారల గుడ్డ తప్ప నాదేదీ లేదు."

"ఒక్కొక్కరి దగ్గర గుప్పెడేగా తీశాం. వాళ్ళ కాళ్ళకి తెలిసిందా? ఆ పిల్లి ముండ దూరకపోతే నీకూ తెలిసేది కాదు, సుఖంగా పడుకునేదానివి."

"కుట్టింది నువ్వేనా?"

"అందరం. నువ్వు నేర్పిన కుట్టే." పిట్ట గొంతు తగ్గింది. "పేర్లు చెబుతావా అక్కా?"

పెద్దక్క తాడు మీద ఆరేసిన చిన్న చిన్న గౌన్లని చూసింది. పిట్టకి ఇద్దరు కూతుళ్ళు. మిగతా ఆడపిల్లల ఇళ్ళలోనూ అంతే, ఒక్క జీతం మీద నలుగురు.

"నేను ఎవరి పేరూ చెప్పను. చెప్పుకోవలసినవాళ్ళు చెప్పుకోవాలి. నన్నెందుకే అడుగుతావు?"

"నిన్నయితే ఏమీ అనడక్కా. నువ్వు పెద్దక్కవి. మమ్మల్నయితే ఆ పూటే గెంటేస్తాడు."

 నడక రానప్పుడు ఈ మనిషిని చంకనెత్తుకుని మోసిన బరువు ఆ క్షణాన ఆవిడ నడుముకి గుర్తొచ్చింది.

* * *

శనివారం యజమాని పని ఆపించి అందర్నీ కుట్టుడు హాల్లోకి పిలిచాడు. ఆడపిల్లలంతా గోడ పొడుగునా వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కర్నీ పెద్దక్క చూసింది. ఈ పిల్లకి ఎడమ చెయ్యి వణుకు, మాన్పించింది. ఈ పిల్ల ముడి వేయలేక ఏడ్చేది, పక్కన కూర్చుని నేర్పింది. ఒక్కరైనా తల ఎత్తుతారేమో అని చూసింది. ఎత్తినా పేరు చెప్పనిచ్చేది కాదేమో. కానీ ఎత్తితే చాలుననుకుంది.

ఎవరూ ఎత్తలేదు. పిట్ట గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడింది.

"చెప్పు పెద్దక్కా. ఎవరి కుట్టు?"

"నా కుట్టే బాబూ."

"దూది?"

"మా ఇంట్లో ఉంది."

"తీసింది?"

"మా ఇంట్లో ఉందన్నాను కదా."

హాల్లో ఎవరో ఊపిరి వదిలారు. ఒకరు కాదు, చాలామంది ఒక్కసారే వదిలారు. ఆ చప్పుడు పెద్దక్కకి బాగా వినపడింది. జీవితంలో ఆవిడ విని భరించలేకపోయింది ఏదైనా ఉందంటే ఆ ఊపిరే.

యజమానికి ఆవిడ మాట పూర్తిగా నమ్మకం కుదరలేదు. కుదరాల్సిన అవసరమూ లేదు, పేరు ఒకటి దొరికింది చాలు. చెయ్యి చాపాడు. పెద్దక్క బొడ్డులోంచి బూరుగు గది తాళంచెవి తీసి ఇచ్చింది. చెయ్యి ఇంకా చాపే ఉంచాడు. దబ్బనం కూడా ఇచ్చింది. ముసలి మేస్త్రి నేల మీద దొర్లించిన దబ్బనమే అది.

"తీసినదంతా ఎవరిది వాళ్ళకి నింపి రా. అందాకా కొట్టు గడప తొక్కకు." అని ఆయన వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. పెద్ద నర్సు మొహం కళ్ళ ముందు కదిలినట్టుంది. "ఆసుపత్రి పరుపులు సెప్టెంబరు రెండున మొదలెట్టాలి. మూతులు వెయ్యడానికి నువ్వుండాలి. ఆ రోజు రా. దబ్బనం అప్పుడిస్తాను."

క్షమించి రమ్మంటే అదొక మర్యాద, వెళ్ళగొడితే అదీ ఒక మర్యాదే. ఆయన ఆ రెండూ చెయ్యలేదు. ఆసుపత్రి పని వచ్చేదాకా ఆవిడ దొంగ, వచ్చాక మేస్త్రి.

పెద్దక్క ఇంటికెళ్ళి నీలం చారల పరుపు విప్పింది. దూదిని రంగు చూసి, పింజ చూసి, ఏది ఎవరిదో వేరు చేసి సంచులు కట్టింది. పిల్లుల కింద దూది మాత్రం కాస్త వదిలేసింది. అది ఎవరిదో చెప్పడం ఆవిడకి కూడా చేత కాలేదు. అరువు తెచ్చిన దబ్బనంతో ఇంటింటికీ వెళ్ళి, కాళ్ళవైపు మూలలు నింపి వచ్చింది. జడ్జిగారు కుర్చీలోంచి లేవలేదు. పహిల్వాను, "నా దగ్గర కూడానా పెద్దక్కా?" అని నొచ్చుకున్నాడు. డాక్టరు భార్య ఒక్కతే టీ ఇచ్చి కూర్చోమంది. లవంగం పాలు మానగానే తెచ్చిస్తానని పెద్దక్క మాటిచ్చింది.

ఇంట్లో మళ్ళీ పాత బొంతే పరిచారు. దాని మీద వాలి భర్త మూలిగాడు.

"మళ్ళీ అప్పడం మీదకే వచ్చాం. ఏమోయ్, నిజంగా వెళ్తావా ఆ కొట్టుకి?"

"వెళ్ళక? ఆసుపత్రి మూతులు నేను వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు?"

"అందరికీ నేర్పావుగా."

"నేర్పాను." పెద్దక్క గోడ వైపు తిరిగింది. "ఈసారి ఒక ముడి నాకోసం ఉంచుకుంటాను. ఎవ్వరికీ నేర్పను."

కొట్లో ఆవిడ పీట ఖాళీగా ఉంది. మేనేజరు వచ్చి దాని మీద కూర్చుని చూసింది, గట్టిగా ఉందని దిగిపోయింది. పిట్ట గోడ మీది క్యాలెండరులో ఒక అంకె మీద ఎర్ర పురికొస ముక్క గుచ్చింది. పెద్దక్క ఏదీ అని ఎవరైనా అడిగితే తల ఎత్తకుండా అటు చూపిస్తుంది: సెప్టెంబరు రెండు, సోమవారం.